తప్పు గీతకు తోక

పోయిన నెల ఒక ఉదయం డ్యూటీకి బయల్దేరుతుంటే బొమ్మనహళ్ళి నుంచి ఫోన్ వచ్చింది. ఆయన భార్య.

"మీ బొమ్మలాయన పోయినాడు సిస్టర్," అంది.

ఎలా అని అడిగాను. పొద్దున్నే కాఫీ తాగాడట. పేపరు ముందేసుకుని, రోజూ చేసేదే, మొదటి పేజీలో ఉన్న ఎవరో పెద్దమనిషికి పెన్నుతో మీసాలు పెడుతూ అలాగే కుర్చీలో ఒక పక్కకి ఒరిగిపోయాడట. వంటింట్లోంచి చూసి ఆమె కునుకు తీస్తున్నాడనుకుందట.

నేను నర్సుని. చావు కబుర్లు చెప్పడం, వినడం రెండూ నాకు అలవాటే. అలాంటప్పుడు ఏం అడగాలో, ఏం అడగకూడదో కొత్తగా చేరిన పిల్లలకి నేనే నేర్పుతాను. కానీ ఆ పూట నా నోట్లోంచి వచ్చిన మాట వేరే.

"మీసాలు పూర్తయ్యాయా?"

అటువైపు పేపరు గరగరలాడింది.

"లేదు సిస్టర్. ఒక పక్కదే అయ్యింది," అంది. ఆ తర్వాత ఇద్దరం ఫోన్లో ఏదో చప్పుడు చేశాం. అది ఏడుపో మరొకటో నేను చెప్పలేను.

ఆయన బతుకుతెరువు పిచ్చిగీతలు. మాటవరసకు అనడం లేదు, నిజంగా అదే పని. ఐటీ వాళ్ళు వాటిని డూడుల్స్ అంటారు. ఆయన 'డూడులు' అనేవాడు, ఇడ్లీలు అన్నట్టు. కాఫీ హోటళ్ళ గోడలు, ఆఫీసుల్లో టీ తాగే గదులు, కప్పులు, ఫోన్ కవర్లు, పుట్టినరోజు పార్టీల్లో పిల్లల అరచేతులు, ఏది దొరికితే దాని మీద గీసేవాడు. ఒకసారి ఒక పళ్ళ డాక్టరు క్లినిక్‌లో పైకప్పు మీద గీశాడు, కుర్చీలో వెనక్కి వాలినవాళ్ళకి సరిగ్గా కనబడేలా. నోరు తెరుచుకుని పడుకున్న మొసలి, దాని నోట్లోకి నడుం దాకా దూరి ఏదో వెతుకుతున్న డాక్టరు. పేషెంట్లు నోరు తెరిచి ఉన్నప్పుడే నవ్వుతున్నారని, చేతిలో పనిముట్లు కదిలిపోతున్నాయని ఆ డాక్టరు గోలపెట్టాడట. "నోరు తెరిపించేకే కదప్పా మీరు పాట్లు పడేది. తెరిపించినా కదా," అని ఈయన జవాబు.

తన వృత్తి గురించి ఆయనకి పెద్ద గౌరవం లేదు, చిన్నతనమూ లేదు. "చిన్నప్పుడు ఇదే చేస్తే అయ్యవారు చెవులు మెలేసినాడు. ఇప్పుడు ఇదే చేస్తే ఏసీ గదిలో కూర్చోపెట్టి జీఎస్టీ నంబరు ఉండాదా అని అడుగుతారు. నేనేం మారలేదు సిస్టర్. లోకమే చెడిపోయింది," అనేవాడు.

అంతకుముందు ఆయన బొమ్మనహళ్ళిలోనే ఒక గార్మెంట్ ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. బట్ట మీద సుద్దతో కత్తిరింపు గీతలు గీయడం ఆ పని. అక్కణ్ణించి ఎందుకు పంపించేశారో నాకు చాలాసార్లు చెప్పాడు. ఒకసారి చొక్కా జేబు లోపల ఎలుకను గీశానన్నాడు. ఇంకోసారి అది బల్లి. మరోసారి ఎలుకా కాదు, బల్లీ కాదు, సూపర్‌వైజరు. ఏ కథ చెప్పినా చివర మాత్రం ఒకటే. ఆ చొక్కాలు పనికిరావని తీసేశారు, హోసూరు రోడ్డు పక్కన గుట్టపోసి అమ్మారు, కొన్నవాళ్ళు ఇంటికెళ్ళి జేబులో చెయ్యి పెట్టి చూసుకుని, మళ్ళీ వచ్చి అలాంటిది ఇంకోటుందా అని అడిగారు.

"ఆ దినమే తెలిసింది సిస్టర్. చొక్కా ఎవురికీ వద్దు. ఎలుక కావల్ల."

"పోయినసారి బల్లి అన్నారు."

"బల్లీ ఉండె," అనేవాడు తొణక్కుండా.

మనిషి పొట్టి. చొక్కా జేబు పెన్నుల బరువుకి ఎప్పుడూ కిందకి వేలాడుతూ ఉండేది. మాట్లాడేటప్పుడు మన మొహంలోకి చూడడు. చెవి వైపో మోచేతి వైపో చూస్తాడు. కొత్తవాళ్ళు అక్కడేదో అంటుకుందనుకుని తుడుచుకునేవాళ్ళు. హోటల్లో టేబుల్ మీద కాఫీ గ్లాసు పెట్టిన తడి గుండ్రం కనిపిస్తే ఆయన చెయ్యి ఊరుకోదు. వేలితోనే దానికి రెండు చెవులు, ఒక ముక్కు పెట్టేసి, సర్వర్ వచ్చి తుడిచేటప్పుడు కొంచెం బాధగా చూసేవాడు. ఇన్ని గోడలు పాడు చేసినవాడి ఇంట్లో గోడలు మాత్రం తెల్లగా, నున్నగా ఉండేవి. ఎందుకని అడిగితే భార్య వైపు చూపించాడు. "ఊరంతా గీసుకో, ఇంట్లో గీస్తే చెయ్యి ఇరగ్గొడ్తా అనింది. ఇప్పుడు ఇరగ్గొడితే ఆయమ్మకే నష్టం. అయినా భయమే."

ఆయన దగ్గర రబ్బరు ఉండేది కాదు. పెన్సిలూ వాడేవాడు కాదు. పెన్నుతో మొదలుపెడితే పెన్నుతోనే ముగింపు.

"రబ్బరుండేవానికి భయముంటాది సిస్టర్. గీత తప్పు పోయిందనుకో, తుడిచేది యాల? దానికి ఒక తోక పెడితే సరిపోతాది."

అందుకే ఆయన బొమ్మల్లో తోకలు ఎక్కువ. తోక ఉన్న స్కూటరు, తోక ఉన్న ట్రాఫిక్ పోలీసు, తోక ఉన్న ఇస్త్రీ పెట్టె. తోక కనబడిందంటే అక్కడ చెయ్యి జారిందని అర్థం. తెలియనివాళ్ళు అదంతా కళ అనుకునేవాళ్ళు. బ్రూక్‌ఫీల్డ్‌లో ఏదో ఆఫీసులో ఒకమ్మాయి ఈ తోకలకి అర్థం ఏమిటని అడిగిందట. ఈయన చాలాసేపు ఆలోచించి "మనసు" అన్నాడట. ఆ అమ్మాయి తల ఊపుకుంటూ రాసుకుందట. ఈ సంగతి చెప్పేటప్పుడు మాత్రం ఆయన నా మొహంలోకే చూశాడు, నేను నవ్వుతానా లేదా అని.

నాకు ఆయన పరిచయమైంది మా ఆస్పత్రిలో. పిల్లల వార్డు గోడలు మరీ తెల్లగా ఉన్నాయి, పిల్లలు భయపడుతున్నారు అని మా యాజమాన్యం ఆయన్ని పిలిపించింది. సీతాకోకచిలుకలు, పువ్వులు వేస్తాడని అందరం అనుకున్నాం. ఆయన ఒక ఏనుగును వేశాడు. ఆ ఏనుగు వార్డు ఈ చివర నుంచి ఆ చివరకి పరుగెత్తుతూ ఉంటుంది. ఒక్కో మంచం వెనకా ఒక్కో చోట కనిపిస్తుంది. ఒకచోట కర్టెన్ వెనక దాక్కుని, ఒకచోట స్టూలు కింద ఇరుక్కుని. దాని వెనకే ఇంజెక్షన్ పట్టుకుని ఒక నర్సు. ఆ నర్సుకి కళ్ళద్దాలున్నాయి. కనుబొమలు ముడిపడి ఉన్నాయి.

"అది నేనా?" అని అడిగాను.

"కాదు సిస్టర్."

"నా కళ్ళద్దాలే పెట్టారు."

"కళ్ళద్దాలు మీ ఒక్కరికేనా ఉండేది?"

"మరి అంత కోపంగా ఎందుకుంది?"

"గీసేటప్పుడు మీరు నా పక్కన నిలబడి అట్లే చూస్తా ఉండారు."

మా మేట్రన్ ఆ గోడకి సున్నం కొట్టించాలని పట్టుపట్టింది. నర్సులంటే పిల్లలకి ఇంకా భయం పెరుగుతుందని ఆమె వాదన. సున్నం కొట్టేవాడు దొరికేలోగా ఒక సంగతి జరిగింది. సూది అంటే చాలు, మంచం కిందకి దూరే ఒక పిల్ల, నేను దగ్గరికి రాగానే ఏడుపు ఆపి, "ఆంటీ, ఏనుగు దొరికిందా?" అని అడిగింది. ఇంకా దొరకలేదు, అందుకే నీ దగ్గరికి వచ్చాను అన్నాను. ఆ పిల్ల కాసేపు ఆలోచించి, ఏనుగు మీద జాలిపడి, చెయ్యి చాపింది. ఆ తర్వాత ఎవరూ సున్నం మాట ఎత్తలేదు. మేట్రన్ భోజనాల వేళ ఎవరూ చూడనప్పుడు ఆ గోడ ముందు నిలబడి తను ఎక్కడైనా ఉందేమోనని వెతుక్కునేది. లేదు. అందుకూ ఆమెకి కోపమే వచ్చింది.

అలా మొదలైన స్నేహం. ఆయన వైట్‌ఫీల్డ్ వైపు పని మీద వస్తే మా క్యాంటీన్‌కి వచ్చి, ఏనుగు బాగుందా అని అడిగి, టీ తాగి వెళ్ళేవాడు.

ఇక పెళ్ళి కార్డు సంగతి.

మాది ఒంగోలు. మా నాన్న నా చిన్నప్పుడే పోయాడు. మా అమ్మ బడిపంతులు ఉద్యోగం చేస్తూ నన్ను ఒక్కత్తినీ పెంచింది. రిటైరయ్యాక బ్రూక్‌ఫీల్డ్‌లో నా దగ్గరికే వచ్చేసింది. నేను పెళ్ళి చేసుకుంటానన్న అబ్బాయిది హొసకోటె. తరాల నుంచి అక్కడే స్థిరపడ్డ తెలుగువాళ్ళు. వాళ్ళమ్మ కూడా ఎప్పుడో పోయింది. నాన్నగారు ఇనుప సామాన్ల అంగడి నడుపుతూ ఒక్క కొడుకునీ చదివించారు. మేము చర్చికి వెళతాం, వాళ్ళు గుడికి వెళతారు. అటు ఆయనకి, ఇటు మా అమ్మకి ఉన్నది ఒక్కొక్క బిడ్డ. ఇద్దరికీ అడ్డు చెప్పే ధైర్యం లేదు, ఒప్పుకునే మనసూ లేదు. రిజిస్టర్ పెళ్ళి చేసుకోండి, ఒక సాయంత్రం హాల్లో భోజనాలు పెడదాం అన్నారు. అంతవరకే. ఒకరితో ఒకరు మాత్రం మాట్లాడరు. ఏదైనా చెప్పాలంటే మా ద్వారానే. "మీ మామగారికి చెప్పు, హాలు మాకు దూరమవుతుందని," అనేది మా అమ్మ. "ఆయమ్మకి చెప్పప్పా, బస్సు పంపిస్తామని," అనేవారు ఆయన కొడుకుతో. ఇద్దరూ ఒకే గదిలో ఉన్నా ఇదే పద్ధతి.

కార్డు దగ్గర బండి ఆగిపోయింది. పైన బైబిలు వాక్యం వేయించాలని మా అమ్మ. వినాయకుడు లేకుండా కార్డు వేస్తే మా వాళ్ళెవరూ చేత్తో ముట్టుకోరని మామగారు. రెండూ వేద్దామంటే ఇద్దరికీ ఇష్టం లేదు. ఏదీ వద్దంటే ఇద్దరికీ కోపం. భోజనాల తేదీ దగ్గరికొస్తోంది. మా అమ్మ ముభావంగా ఉంటోంది, అక్కడ మామగారు అంగడిలోనే భోంచేసి అంగడిలోనే పడుకుంటున్నారట. మేమిద్దరం, ఇంతటితో ఇది ఆగిపోతుందేమో అని పైకి అనకుండా లోపల అనుకుంటున్నాం.

అప్పుడు నాకు ఆయన గుర్తొచ్చాడు. పైన ఏమీ లేకుండా, కార్డంతా ఒకే బొమ్మ. రెండు కుటుంబాలూ అందులో ఉండాలి. ఎవరికీ ఏమీ అనడానికి ఉండదు.

"చేస్తా సిస్టర్. కానీ ఇద్దురు పెద్దోళ్ళనీ నేను చూడాల," అన్నాడు. ఫొటోలు చూపించబోతే వద్దన్నాడు. "ఫొటోలో మనుషులుండరు."

ఒకరోజు హొసకోటె వెళ్ళి, మామగారి అంగడిలో కూర్చుని, ఏదో సైజు బోల్టు కావాలని, అది కాదు ఇది కాదని పూటంతా వేధించి, చివరికి ఏమీ కొనకుండా వచ్చాడు. తర్వాతి ఆదివారం మా చర్చికి వచ్చి వెనక బల్ల మీద కూర్చున్నాడు. పాటలకి అందరితో పాటు లేచి నిలబడ్డాడు. తర్వాత భోజనం చేశాడు. మా అమ్మే ఆయనకి రెండోసారి కూర వడ్డించింది. కొత్తగా వచ్చిన విశ్వాసి అనుకుంది.

గీసింది మాకు చూపించలేదు. "చూపిస్తే మార్చమంటారు," అని నేరుగా ప్రెస్సుకి ఇచ్చేశాడు. ప్రెస్సువాళ్ళు ఒక కట్ట హొసకోటెకి, ఒక కట్ట మా ఇంటికి పంపించారు.

బొమ్మలో ఒక ఆటో. వెనక సీటులో రెండు వైపుల చుట్టాలూ ఒకరి మీద ఒకరు కిక్కిరిసి ఉన్నారు. పెళ్ళికూతురూ పెళ్ళికొడుకూ వెనక బంపరు పట్టుకుని వేలాడుతున్నారు. ముందు డ్రైవరు సీటులో మా అమ్మ, మా మామగారు ఇద్దరూ సగం సగం కూర్చుని, ఇద్దరూ హ్యాండిల్ పట్టుకుని చెరొక వైపు తిప్పుతున్నారు. మా అమ్మ రెండో చేతిలో గొడుగు ఉంది. దాన్ని ఎదురుగా వచ్చే లారీ మీదకి బల్లెంలా గురిపెట్టింది. మామగారి ప్యాంటు వెనక నుంచి ఒక తోక బయలుదేరి, ఆటో బయటికి వచ్చి, గాల్లో చక్కగా వంపు తిరిగి, చివర ఒక చిన్న కుచ్చుతో ముగిసింది.

ఆ తోక చూడగానే నాకు ఏం జరిగిందో అర్థమైంది. పెన్ను జారింది.

మా అమ్మ కార్డు చూసింది. గొడుగు తీసి తలుపు వెనక దాచేసింది. తిట్టినా అంత భయపడేదాన్ని కాదు. హొసకోటె నుంచి మా ఆయన ఫోన్ చేశాడు, అప్పటికి కాబోయే మా ఆయన. నాన్న భోజనాలకి రానంటున్నాడు, హాలువాళ్ళకి ఫోన్ చేసి వద్దని చెప్పమంటున్నాడు అన్నాడు. "తోక పెట్టినారు. ఇంటి పెద్దకి తోక పెట్టినారు," అని ఆయన రాత్రంతా అదే మాట అంటున్నారట.

మర్నాడు శనివారం. నేను డ్యూటీలో ఉండగా బొమ్మలాయన భార్య ఫోన్ చేసింది.

"సిస్టర్, మీ అమ్మగారు ఇంటికి వచ్చి ఉండారు. ఇంకొకాయన కూడా వచ్చి ఉండాడు. ఇద్దురూ నిలబడి అరుస్తా ఉండారు. కాఫీ పెట్టినా. ఇద్దురూ చక్కెర వద్దంటారు. ఏం చేసేది?"

ఇద్దరూ ఒకరికి తెలియకుండా ఒకరు, ఇద్దరూ మాకు తెలియకుండా, ప్రెస్సువాళ్ళ దగ్గర అడ్రసు పట్టుకుని బొమ్మనహళ్ళి వెళ్ళిపోయారు. నేను సెలవు పెట్టి ఆటో ఎక్కాను. మా ఆయన హొసకోటె నుంచి బైకు మీద బయల్దేరాడు. ఊరికి ఆ చివరి నుంచి ఈ చివరికి రావాలి. హోసూరు రోడ్డు మీద బళ్ళు కదలడం లేదు. ఆటోలో కూర్చుని నేను ప్రార్థన చేశాను. ఏమని చేయాలో తెలియక, ఎవరికీ బీపీ పెరగకుండా చూడమని మాత్రం అడిగాను.

మేం వెళ్ళేసరికి అరుపులు ఆగిపోయాయి. ఇంకా భయమేసింది. లోపలికి వెళితే, మా అమ్మ, మామగారు ఒకే బెంచీ మీద కూర్చుని ఉన్నారు. మధ్యలో ఇంకో మనిషి పట్టేంత చోటుంది. వాళ్ళెదురుగా ఆయన చేతులు కట్టుకుని, పాఠం అప్పగించలేని పిల్లాడిలా నిలబడి ఉన్నాడు.

"ఈయన వయసేంటి, నువ్వు పెట్టిందేంటి?" అంటోంది మా అమ్మ. క్లాసులో వాడే గొంతు అది. "ఊళ్ళో పదిమంది దండం పెట్టే మనిషి. ఆయనకి తోక పెడతావా? మీ ఇంట్లో పెద్దవాళ్ళు లేరా?"

"తోక మాట నేను అడుగుతా లేనప్పా," అన్నారు మామగారు. అడగడానికే అంత దూరం వచ్చిన మనిషి. "నన్నేమన్నా గీసుకో. టీచరమ్మని అట్ల గీస్తావా? గొడుగు అట్ల పట్టుకుంటారా ఎవురన్నా?"

"పట్టుకుంటారప్పా," అన్నాడు ఆయన నేల చూస్తూ. "ఆదివారం చర్చి బయట కుక్క వచ్చింది. అమ్మ అట్లే పట్టుకుంది. నేను చూసినా."

మామగారు మా అమ్మ వైపు తిరిగారు. పెళ్ళి మాటలు మొదలైనప్పటి నుంచి ఆమె మొహం వైపు నేరుగా చూడడం అదే మొదటిసారి.

"కుక్క పెద్దదా?" అని అడిగారు.

"పెద్దదే," అంది మా అమ్మ.

మా రెండు కుటుంబాలూ మొట్టమొదట ఏకీభవించిన విషయం ఇదే, ఈ బొమ్మలు గీసేవాడు పనికిమాలినవాడని. ఆ ఒక్క మాట మీద ఇద్దరూ గట్టిగా నిలబడ్డారు. మళ్ళీ గీయాల్సిందే, ఈసారి మా ఎదురుగానే గీయాలి అన్నారు. సరే, కూర్చోండి, కదలొద్దు అన్నాడు ఆయన. అట్ట మీద కాగితం పెట్టుకుని ఎదురుగా కూర్చున్నాడు.

గంటలు గడిచాయి. కదలకూడదు కాబట్టి ఇద్దరూ ఎదురు గోడ వైపు చూస్తూనే మాట్లాడుకున్నారు. ముందు ఈయన్ని తిట్టారు. తర్వాత చక్కెర మాత్రల గురించి మాట్లాడుకున్నారు. ఇద్దరివీ ఒకే మాత్రలు. మోకాళ్ళ గురించి మాట్లాడుకున్నారు. ఒక్క బిడ్డను ఒక్కరే పెంచేటప్పుడు జ్వరం వస్తే ఎంత భయమో మా అమ్మ చెప్పింది. నాకు ఆ సంగతులు తెలియవు. "మావోడికి మీజిల్స్ వస్తే అంగడి మూసి నెల దినాలు కూర్చున్యా," అన్నారు మామగారు. "జడలు ఎయ్యాల్సిన పని లేదు కదా, మీరు బతికిపోయారు," అంది మా అమ్మ. మేమిద్దరం గుమ్మం బయట మెట్ల మీద కూర్చుని, లోపలికి వెళ్ళకుండా విన్నాం. ఆయన భార్య మాకు కూడా చక్కెర లేని కాఫీయే ఇచ్చింది.

చివరికి ఆయన పెన్నుకి మూతపెట్టాడు. ఇద్దరూ ముందుకు వంగారు. కాగితం తిప్పి చూపించాడు.

కాగితం నిండా బెంచీ కింద పడుకున్న వాళ్ళింటి పిల్లి. చాలా బాగా వచ్చింది, మీసాలతో సహా.

"మేమేరప్పా?" అన్నారు మామగారు.

"మీరు మాట్లాడతా ఉంటే మొగాలు కదిలిపోయినాయి," అన్నాడు ఆయన. "పిల్లి ఒక్కటే కదల్లేదు. ఊరికే సుమ్నే ఉండేది ఎందుకని దాన్నే గీసినా."

మా అమ్మ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. నాన్న పోయాక ఆమె అంతగా నవ్వడం నేను చూడలేదు. మామగారు కాసేపు బిగబట్టుకుని, తర్వాత వల్లకాక, బెంచీ చరిచి మరీ నవ్వారు. లేస్తూ, "ఉండేదే పంచుదాం పో," అన్నారు కొడుకుతో. "తోకుండాదని పెండ్లికి రాకుండా పోతారా?"

తోక ఉన్న కార్డులే పంచాం. భోజనాల రోజు పిల్లకాయలు మామగారి వెనక చేరి, వంగి వంగి చూశారు. ఆయన రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని సాయంత్రమంతా అలాగే తిరిగారు. మా అమ్మ ఆ గుంపుని గట్టిగా మందలించింది. హాల్లోకి గొడుగు మాత్రం తేలేదు.

తోక తెలిసే పెట్టాడా అని నేను ఆయన్ని తర్వాత అడిగాను. ఒకసారి కాదు. "పెన్ను జారింది సిస్టర్," అనేవాడు. మరి పిల్లి? "పిల్లి బాగుండె." ఇంతకుమించి ఏమీ రాబట్టలేకపోయాను. చొక్కా జేబు కథలాగే ఇది కూడా ఏదో ఒకరోజు మారుతుందని ఎదురుచూశాను. ఇది మాత్రం మారలేదు.

ఆయన్ని ఆఖరిసారి నేను దగ్గరగా చూసింది కూడా మా ఆస్పత్రిలోనే. ఛాతీలో బరువుగా ఉందని భార్య బలవంతాన తీసుకొచ్చింది. ఈసీజీ తీశారు. కింద ఉన్న నేను కబురు తెలిసి పైకి వెళ్ళేసరికి డాక్టరు గారు చేతిలో ఆ కాగితం పట్టుకుని నిలబడిపోయి ఉన్నారు. డ్యూటీ నర్సు ఆ కాగితాన్ని మంచం పక్కన పెట్టి ఎటో వెళ్ళిందట. ఈయన జేబులో పెన్ను ఉంది. గీత కొండల్లా ఎక్కి దిగుతూ ఉంది. ఇంకేముంది, ప్రతి కొండ మీదా ఒక మేక. లోయలో ఒక గుడిసె. ఒక కొండ ఎక్కలేక ఒక లావుపాటి మనిషి మధ్యలో కూర్చుని బీడీ తాగుతున్నాడు.

"ఇందులో మీ గుండె ఏది, మేకలు ఏవి?" అన్నారు డాక్టరు గారు. పాపం ఆయనకి నిజంగానే అంతుబట్టలేదు.

"మేకలకి కొమ్ములుంటాయి సార్," అన్నాడు.

రెండోసారి తీయించారు. ఈసారి పెన్నులన్నీ నేను తీసి పెట్టుకున్నాను. జేబు తేలికైపోయి, మనిషి ఒక్కసారిగా చిన్నవాడిలా కనిపించాడు. రెండో కాగితాన్ని దూరం నుంచే చూపించమన్నాడు. చూపించాను. చాలాసేపు చూశాడు.

"ఇది నిజంగా నేను గీసిందేనా సిస్టర్?"

"మీ గుండె గీసింది."

"ఎంత అసింగంగా, వంకరటింకరగా గీసింది చూడు," అన్నాడు. "నేనేమో ఇన్ని గోడలు పాడు చేస్తిని. లోపల ఉండేదానికి తిన్నగా ఒక గీత గీసేకి రాదు." గొంతు తగ్గించి, "ఆయమ్మకి చూపించొద్దు," అన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన నా చెవి వైపు చూడలేదు, మోచేయి వైపూ చూడలేదు.

చికిత్స చేసి పంపించారు. బాగానే తిరిగాడు. ఆ తర్వాత పనుల్లో పడి నేనే పెద్దగా కలవలేదు. ఆ ఉదయం ఫోన్ వచ్చింది.

నేను, మా ఆయన, అమ్మ, మామగారు, నలుగురం కుదుర్చుకుని మూడో రోజు ఒకే కారులో బొమ్మనహళ్ళి వెళ్ళాం. కార్యక్రమాలన్నీ అయిపోయాయి. ఇంటి ముందు షామియానా ఉంది. పలకరించడానికి ఇంకా జనం వస్తూనే ఉన్నారు. కాఫీ హోటలు ఓనర్లు, గార్మెంట్ ఫ్యాక్టరీలో పాత స్నేహితులు, మెడలో ఆఫీసు కార్డులు వేలాడదీసుకున్న ఐటీ పిల్లలు, పళ్ళ డాక్టరు.

లోపల గదిలో, స్టూలు మీద, దండ వేసిన ఫొటో. అక్కడే వచ్చింది చిక్కు. ఆయన తనంతట తను జన్మలో ఫొటో దిగలేదు. తన బొమ్మ తను ఎప్పుడూ వేసుకోలేదు. ఇంట్లో దొరికింది ఆధార్ కార్డు ఒక్కటే. ఆ ఫొటోని పెద్దది చేయించి పెట్టారు. ఆధార్ ఫొటోలు మనందరికీ ఎలా ఉంటాయో తెలుసు. ఆయనదైతే, గుడ్లు బయటికి వచ్చి, నోరు సగం తెరుచుకుని, ఎవరో వెనక నుంచి చల్లనీళ్ళు పోసినట్టుంది. ఒక చెవి ఉంది, ఇంకోటి లేదు. వచ్చినవాళ్ళు తల వంచుకుని, గంభీరంగా లోపలికి వచ్చి, పువ్వు పెడదామని తల ఎత్తేవాళ్ళు. అంతే. పెదవులు కొరుక్కుని, దగ్గు వచ్చినట్టు నటించి, బయటికి పరుగెత్తేవాళ్ళు. షామియానా కింద జనం ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా కూర్చున్నారు, చూసుకుంటే ఆగదని. పళ్ళ డాక్టరు గోడకి ఆనుకుని కళ్ళు తుడుచుకుంటున్నాడు.

మామగారు అగరొత్తి వెలిగించి గుచ్చారు. మా అమ్మ కళ్ళు మూసుకుని ప్రార్థన చేసింది. ఆమె కళ్ళు మూసుకోవడం మంచిదైంది. తెరిచాక ఆమెకీ పెదవి వణికింది.

ఆయన భార్య గోడ పక్కన చాప మీద కూర్చుని ఉంది. వచ్చినవాళ్ళందరికీ ఆమే సర్దిచెబుతోంది.

"నవ్వండి, పర్వాలేదు," అంటోంది. నా వైపు తిరిగి, "మొన్నట్నుంచి ఇదే కథ సిస్టర్. ఏడ్చేకి వస్తారు, నవ్వి పోతారు. వాళ్ళను చూసి నాకూ నవ్వొస్తాది. ఏడ్చేకి నాకు తీరికా పురసొత్తూ లేదు," అంది. అని తనూ నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగిపోయింది. మొహం ఎటు తిప్పినా ఎదురుగా ఆ ఫొటోయే.

మా అమ్మ ఆమె మొహం కాసేపు గమనించింది. తర్వాత లేచి, స్టూలు దగ్గరికి వెళ్ళి, దండ చెదరకుండా పటాన్ని రెండు చేతులతో పట్టుకుని, నెమ్మదిగా గోడ వైపుకి తిప్పి పెట్టింది. వచ్చి చాప మీద ఆమె పక్కన కూర్చుంది.

"ఇప్పుడు ఏడువమ్మా," అంది.

మామగారు బయటికి వెళ్ళి, గుమ్మానికి అడ్డంగా నిలబడి, వచ్చేవాళ్ళను కాసేపు బయటే ఆపారు.